లారీ వెనక తాళం

మా అక్క ధనలక్ష్మికి భక్తి ఎక్కువ. దసరా నాడు ఆయుధపూజకి సాలూరులో లారీలున్న ప్రతి ఇంట్లోనూ జాకీలూ పానాలూ కడిగి బొట్లు పెడతారు. అక్కడితో ఆగితే ఆవిడ మా అక్క ఎందుకవుతుంది? బావ త్రినాథ్ లారీ స్టీరింగుకీ, నా స్కూటీకీ పెట్టి, ఆఖరికి నా పెన్‌డ్రైవ్‌ని కూడా వదల్లేదు. తడి పసుపు దాని మూతి లోపలికంటా మెత్తింది. "నీ పనిముట్టు ఇదే కదేటే శ్రావణీ" అంది పైగా.

నిజమే, ఆ పెన్‌డ్రైవే నా కంప్యూటర్. నేనుండే అక్కావాళ్ళింటి ముందుగదిలో బావ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. అక్కడున్న డబ్బా కంప్యూటర్ మీద డ్రైవర్లు సినిమాలు చూస్తారు. అందుకని ఆపరేటింగ్ సిస్టం మొత్తం పెన్‌డ్రైవ్‌లోనే పెట్టి తాళం వేసుకున్నాను. గుచ్చితే నా లోకం, పీకితే వాళ్ళ సినిమాలు. పాస్‌వర్డ్ కొట్టకపోతే లోపలున్నదంతా చెత్త అక్షరాలే. అందులో రామతీర్థం బౌద్ధ శిథిలాల మీద నా థీసిస్ ఉంది. విజయనగరం వెళ్ళి దాన్ని అప్పజెప్పాల్సిన గడువు మర్నాడే.

పసుపు తుడిచి, ఆరబెట్టి గుచ్చాను. కాస్త వేడెక్కి ప్రాణం వదిలింది. అక్కని తిట్టాను. ఆ ఊపులో అమ్మవారిని కూడా తిట్టాను.

అయినా నేను మరీ బుర్రలేనిదాన్ని కాదు. నెల కిందటే పెన్‌డ్రైవ్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక్క ఫైలుగా ఆఫీసు కంప్యూటర్లోకి బ్యాకప్ తీశాను. థీసిస్ అప్పటికే పూర్తయింది. ఆ తర్వాత నేను చేసిందల్లా ముందుమాటలో ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలా అని ఆలోచించడమే. కొత్త పెన్‌డ్రైవ్ కొనుక్కొచ్చి బ్యాకప్‌ని అందులోకి దింపాను. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను, తప్పంది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ తప్పంది.

అప్పుడు వెలిగింది. ఉన్నదున్నట్టు తీసిన బ్యాకప్‌కి ఆనాటి తాళమే ఉంటుంది. నేను ఆ తర్వాత తాళం మార్చాను.

దానికి కారణం బావే. నా పాస్‌వర్డ్ ఎప్పుడూ బావ లారీ వెనక రాసి ఉన్న వాక్యమే. లారీ ఆఫీసు కిటికీ ఎదురుగా ఆగుతుంది, చూసి కొట్టడమే నా పని, బుర్రకెక్కించుకున్నది లేదు. లారీ లోడెత్తుకుని లైను మీదికి పోతే నాకూ సెలవు. నా రహస్యాన్ని హైవే మీద ఊరేగించిన ఘనత నాదే. బ్యాకప్ తీసిన వారానికి తోటి ఓనర్లు ఆ వాక్యం చూసి పెళ్ళాం భజన అని ఎగతాళి చేస్తే, బావ దాన్ని చెరిపించి 'రోడ్డుకి రాజు' అని రాయించాడు. నేనూ పాస్‌వర్డ్ అదే పెట్టుకున్నాను. అక్క మాత్రం బావతో మాట్లాడ్డం మానేసింది.

"బావా, లారీ మీద పాతది ఏటి రాసుండేది?" అన్నాను.

"గుర్తు నేదే" అన్నాడు గోడకేసి చూస్తూ.

"అక్కా, పోనీ నువ్వు సెప్పు."

"సెరిపినోళ్ళనే అడుగు" అంది వంటింట్లోంచి.

ఇద్దరివీ నాటకాలే. నా మూడేళ్ళ చాకిరీ వీళ్ళ అలక మధ్య నలిగిపోతోంది. "రేపు నా థీసిస్ పోతే మీ ఇద్దరి మొహం సూడను!" అని అరిచి, భోరుమన్నాను.

బావ తల గోక్కున్నాడు. గుమ్మం దగ్గర డ్రైవర్ గంగులు చెవులు రిక్కించి నిలబడ్డాడు. బావ వాణ్ణి టీకి తరిమేసి, గొంతు తగ్గించి, "ధనలక్ష్మి నవ్వితే లోడు దొరికినట్టే" అన్నాడు.

కొట్టాను. తప్పంది.

"సరిగా సెప్పు బావా!"

"అంతేనే, ఒట్టు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. "ముందర 'నా' అని ఉన్నాది. అది మింగేసాడు మీ బావ."

'నా ధనలక్ష్మి' అని మొదలుపెట్టి కొట్టాను. తెరుచుకుంది. నా రామతీర్థం రాళ్ళన్నీ వరసగా తెర మీదికొచ్చాయి. కుర్చీలోంచి లేచి ఎగిరి గంతేశాను. నన్నెవరూ చూడలేదు.

బావ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నీకింకా గుర్తున్నాదేటే?"

"నువ్వు సెరిపించింది లారీ మీదున్నదే కదా" అంది అక్క.