లెక్కకు రాని కోడలు

జనాభా లెక్కలు రాసే పంతులుగారు ఊరంతా ఇల్లిల్లూ తిరిగారు, కాదనలేం. కాలువ అవతల బుట్టలల్లేవాళ్ళ గుడిసెల వంతు వచ్చేసరికి మాత్రం కాళ్ళు వెనక్కి లాగాయి. అక్కడికి వెళ్ళాలంటే మోకాలిలోతు నీళ్ళలో దిగాలి. అసలు అడ్డం నీళ్ళు కాదని నాకూ తెలుసు, మీకూ తెలుసు. అటువైపు వెళ్ళకపోవడానికి చదువుకున్నవాళ్ళకు ఏదో ఒక సాకు దొరికితే చాలు.

అందుకని బుట్టలల్లే పెద్దాయన్నే పంచాయతీ ఆఫీసుకు పిలిపించి, తాము అరుగు మీద కుర్చీలో కూర్చున్నారు. ఆయన కింద నిలబడ్డాడు.

"మీ వాళ్ళు మొత్తం ఎంతమందయ్యా?"

"పద్దెనిమిది మందిమండి."

"అంతేనా? సరిగ్గా చెప్పు."

"అంతేనండి. వేళ్ళమీద లెక్కపెట్టే చెప్తున్నా."

పంతులుగారు ఆ పద్దెనిమిది పేర్లూ రాసుకుని పుస్తకం మూశారు.

పెద్దాయన అబద్ధమాడలేదు. వెదురు చీల్చే కత్తి పట్టినవాళ్ళనే ఆ గుడిసెల్లో మనిషి కింద లెక్కేస్తారు. బుట్టలు కొనే షావుకారు ఎప్పుడడిగినా చెప్పేది ఆ లెక్కే. చంటిపిల్లలు, చూపానని ముసలమ్మలు, కొత్తగా కాపురానికొచ్చిన ఆయన చిన్నకోడలు అందులోకి రారు. నిజానికి అక్కడ బతుకుతున్నది నలభై ఒక్కమంది.

ఊరి జనాభా తొమ్మిదివందల ఎనభై ఆరు అని తేలింది. వెయ్యి ఉంటేనే నర్సమ్మ ఉంటుందని పై ఆఫీసువాళ్ళు తేల్చేశారు. ఉన్న ఒక్క నర్సమ్మనూ వేరే ఊరికి మార్చారు. ఆవిడ గదికి తాళం పడింది. ఊళ్ళో ఎవరూ నోరెత్తలేదు.

కొన్ని నెలలకు చిన్నకోడలికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. పెద్దాసుపత్రి పన్నెండు మైళ్ళు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎడ్లబండి మీద తీసుకెళ్ళారు.

"ఇంకా ఎంత దూరం మామయ్యా?" అని ఆ పిల్ల నాలుగుసార్లు అడిగింది.

"వచ్చేశాం తల్లీ, అదిగో" అని పెద్దాయన నాలుగుసార్లూ బొంకాడు. ఐదోసారి ఆమె అడగలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు.

మూడోరోజున పెద్దాయన చావు రాయించడానికి పంచాయతీ ఆఫీసుకు వచ్చాడు. పంతులుగారు పుస్తకమంతా వెతికారు.

"నీ కోడలి పేరు ఇందులో లేదేమయ్యా?"

"దానికింకా కత్తి పట్టడం రాదు కదండీ. అందుకే చెప్పలేదు."

పంతులుగారికి ముందు అర్థం కాలేదు. గుచ్చి గుచ్చి అడిగాక అసలు సంగతి బయటపడింది. పంతులుగారు మళ్ళీ కూడి చూసుకున్నారు.

"ఇరవై ముగ్గుర్ని వదిలేశాం. వాళ్ళను కలిపితే వెయ్యి దాటేది. నర్సమ్మ ఇక్కడే ఉండేది."

పెద్దాయన నేలమీద చతికిలబడ్డాడు. "అయితే దాన్ని నా నోటితో నేనే చంపుకున్నానాండీ?"

పంతులుగారు అరుగు దిగి ఆయన పక్కనే కూర్చున్నారు. "నువ్వు కాదు పెద్దాయనా. కాలువ దాటి వచ్చుంటే ఆ పిల్లను నా కళ్ళతో చూసేవాణ్ణి. కాళ్ళు తడుస్తాయని రాలేదు. తప్పు నాది."

ఆ మాట విన్నా పెద్దాయన ఏడుపు ఆగలేదు. పోయిన ప్రాణం ఒప్పుకోళ్ళతో తిరిగిరాదు.

అయ్యలారా, అమ్మలారా, పని చేసేవాళ్ళే మనుషులని ఇంట్లోవాళ్ళు అనుకోవచ్చు, గడప దాకా వెళ్ళడం దండగని రాసేవాళ్ళు అనుకోవచ్చు. కానీ లెక్కలో లేని మనిషికి మందు రాదు, నర్సమ్మ రాదు. చావు మాత్రం ఏ పుస్తకమూ చూడకుండానే వస్తుంది.