ముక్కుకు చుట్టిన టేపు

మొగులప్ప మళ్ళీ వేళ్ళు ముడిచాడు. కింద హాలు మీద ఒకటి. పరీక్ష గదుల మీద ఒకటి. పై అంతస్తులో కాన్పుల వార్డు మీద ఒకటి. మూడింటికీ నిన్న సాయంత్రం తన చేత్తోనే నల్ల టేపు చుట్టాడు. ఇవాళ తన చేత్తోనే విప్పాలి. విప్పేదాకా ఆ వార్డులో ఒక్క మనిషి పడుకోకూడదు.

వికారాబాద్‌లో ఎక్కిన ప్యాసింజర్ ధారూర్ దాటింది. బయట కంది చేలు వెనక్కి పోతున్నాయి. అతని చూపు వాటి మీద లేదు. పొద్దున చాయ్ తాగేటప్పుడూ ఇట్లాగే వేళ్ళు ముడుస్తుంటే భార్య ఇంద్రమ్మ పొయ్యి దగ్గర్నుంచే అడిగింది.

“ఏందయ్యా గా వేళ్ళు ముడుసుడు? ఎవ్వలికన్న లగ్గం చూస్తున్నవా?”

“నీకే చూస్తున్న. మంచి పిలగాడు దొరికిండు.”

“దగ్గకుంట పండెటోన్ని చూడు. నిద్రపోయి ఎన్నేండ్లాయెనో నేను.”

నవ్వబోయి దగ్గాడు. దగ్గీ దగ్గీ గోడ పట్టుకున్నాడు. ఇంద్రమ్మ నీళ్ళ చెంబు అందించింది. ఈసారి పరాచికం ఆడలేదు. “ఇయ్యాల పోకు,” అంది.

“పోవాలె. ముక్కులకు టేపున్నది.”

ఆమెకు అర్థం కాలేదు. టిఫిన్ డబ్బా కట్టి చేతికిచ్చింది.

ముక్కు అంటే చెప్పాలి. పెద్ద భవనాల్లో చల్లగాలి రేకు గొట్టాల్లో తిరుగుతుంది. వాటిని డక్టులంటారు. ఒక గదిలో పొగ పుడితే ఆ గొట్టాల దారినే అన్ని గదులకూ పోతుంది. మంట ఒక గదిలో, చచ్చే మనిషి ఇంకో గదిలో. అందుకని డక్టు పక్కన చిన్న పెట్టె బిగించి, దాన్నుంచి చిల్లులున్న సన్న గొట్టం ఒకటి లోపలికి అడ్డంగా దించుతారు. చిల్లుల్లోంచి గాలి పెట్టెలోకి వస్తుంది. గాలిలో పొగ ఉందా, పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది, ఏసీ మిషను ఆగిపోతుంది, సైరన్ కూస్తుంది. కాగితాల్లో దాని పేరు స్మోక్ డిటెక్టర్. పనోళ్ళు ముక్కు అంటారు. వాసన చూసేది కాబట్టి.

ఆ ముక్కులు మూయమన్నది విశ్వేశ్వర్ సేటు. తాండూరులో పప్పు మిల్లున్న మనిషి. ఇప్పుడు ఆసుపత్రి కట్టాడు. ప్రారంభానికి హోమం పెట్టాడు. మొన్న ట్రయల్ నాడు సాంబ్రాణి పొగకే సైరన్ కూసింది. పంతులు ఉలిక్కిపడి నెయ్యి గిన్నె ఒళ్ళో పోసుకున్నాడు.

“హోమం నడుమ గిట్ల ఒర్లితే ఇంకేమన్న ఉన్నదా? బజారంత అదే ముచ్చట,” అన్నాడు సేటు. సైరన్‌ని ప్యానెల్‌లోనే ఆపొచ్చు. దాని పాస్‌వర్డ్ హైదరాబాద్ ఇంజనీరు దగ్గర ఉంది, ఆ ఇంజనీరు ఫోనెత్తడు. “నువ్వే జర మూసెయ్ మొగులప్పా. హోమం కాంగనే విప్పెయ్.”

మొగులప్ప ఏమన్నాడు? “అట్లనే సేటు” అన్నాడు.

బతుకంతా ఆ మాటే అన్నాడు. బంట్వారం దగ్గర చెలకలో ఏమీ పండక, పడుచువాడుగా ఉన్నప్పుడే తాండూరు వచ్చి బండల పాలిష్ మిషను ముందు నిలబడ్డాడు. మిషను మీద నీళ్ళు సరిగ్గా పోస్తే దుమ్ము లేవదు. నీళ్ళు తక్కువ పొయ్, బోరు ఎండుతున్నది అన్నాడు అప్పటి యజమాని. అట్లనే సేటు. తువ్వాల మూతికి కట్టుకుని పొద్దున తెల్ల బండల ముందు నల్లగా నిలబడినవాడు సాయంత్రానికి బండలంత తెల్లగా ఇంటికి పోయేవాడు. దగ్గు మొదలైంది. పని మందగించింది. రేపట్నుంచి రాకు అన్నారు. అట్లనే సేటు. ఎక్స్‌రే చూసిన డాక్టరు, ఊపిరితిత్తుల్లో బండ దుమ్ము పేరుకుందనీ, అది తీస్తే వచ్చేది కాదనీ చెప్పాడు. ఎవరి మీదా కేసు లేదు. ఎవరూ వచ్చి చూసింది లేదు. ఈ దేశంలో మెరిసే ప్రతి గచ్చు కింద ఇట్లాంటి వాడొకడుంటాడు, గచ్చు మీద నడిచేవాళ్ళకు పట్టదు.

తర్వాత వికారాబాద్‌లో ఒక కంట్రాక్టరు దగ్గర రేకు కత్తిరించడం, డక్టు అతకడం నేర్చుకున్నాడు. ఆ కంట్రాక్టరే ముక్కులు బిగించే పనికి పెట్టాడు. ఇందులో గొప్పేమీ లేదు. రంధ్రం చెయ్యాలి, గొట్టం దించాలి, పెట్టెకు స్క్రూలు బిగించాలి. అయినా ఈ పని అతనికి ఇష్టం. గాలి ఆడకపోతే ఎట్లా ఉంటుందో అతనికి రోజూ తెలుస్తుంది. మిగతావాళ్ళకు అది తెలిసే అవసరం రాకుండా చేసే ఏర్పాటు ఒకటి తన చేతుల మీద జరుగుతోంది.

అట్లాంటి చేతులతోనే నిన్న టేపు చుట్టాడు. చుడుతున్నప్పుడు ఇంకోటి కంటబడింది. కాన్పుల వార్డు సీలింగ్ పైన కరెంటు పనోళ్ళు వైర్లను ఉత్తగా మెలేసి వదిలేశారు. టేపు చుట్టాల్సింది వాటికి. కిందికి దిగి వాళ్ళకు చెబితే, “సోమవారం చూస్తం తాతా” అన్నారు. రాత్రంతా అవే కళ్ళ ముందున్నాయి. మెలేసిన వైర్లు, మూసిన ముక్కు.

రైలు దిగి నడిచేసరికి ఆసుపత్రి ముందు షామియానా కింద కుర్చీలు వేస్తున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ జంగప్ప. ఒకప్పుడు పాలిష్ మిషను దగ్గర పక్కపక్కనే నిలబడిన మనిషి. అతను ముందుగానే పని మానేసి బతికిపోయాడు.

“హోమమైందా జంగప్పా?”

“ఎక్కడిది? పంతులు ఇప్పుడే దిగిండు. మొన్న ఒళ్ళు కాలె గద, ఇయ్యాల జర దూరం కూసుంటుండు.” జంగప్ప కిసుక్కున నవ్వాడు. “నీకేంది ఫికర్? కూసో. పులిహోర వస్తది.”

మొగులప్ప కూర్చోలేదు. హోమం మొదలైంది. పొగ లేచింది, హాలంతా కమ్మింది, పైన డక్టులోకి పోయింది. సైరన్ కూయలేదు. సేటు సంతోషంగా తలెత్తి సీలింగ్ వైపు చూసి, మొగులప్పకు చెయ్యి ఊపాడు. మొగులప్ప నిచ్చెన ఎక్కడుందో చూసుకున్నాడు. ఇంత పొగ పోతున్నా పైన పెట్టె మీద ఎర్ర లైటు వెలిగి ఉండదు. నేనే కదా దాని ముక్కు మూసింది అనుకున్నాడు.

హోమం అయింది. నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. సేటు ఎదురొచ్చాడు.

“ఏడికి?”

“టేపు విప్పుత సేటు.”

“ఇప్పుడా? పెద్దమనుషులు వస్తున్నరు. నెత్తి మీద బొక్కలు చేసి, నిచ్చెనలు పెట్టి, ఏం ఆసుపత్రి అనుకుంటరు? మెల్లగ చూద్దం.”

“పైన ఎవ్వర్ని పండవెట్టకుంటే...”

“ఎవ్వరొస్తరు ఇయ్యాల్నే? పో, పులిహోర తిను.”

“అట్లనే సేటు.”

పెద్దమనుషులు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, మాట్లాడారు, ఇంకా మాట్లాడారు. నిచ్చెన మెట్ల కింద గోడకు ఆనించి మొగులప్ప దాని పక్కనే నిలబడ్డాడు. పులిహోర ఆకు చేతిలో అట్లాగే ఉంది. పైన ఏదో కాలిన వాసన వచ్చినట్టయింది. పీల్చి చూశాడు. నెయ్యి వాసనే. మళ్ళీ పీల్చాడు. ఛాతీ పట్టేసింది.

అప్పుడే ఒక ఆటో షామియానా తాళ్ళకింద దూరి లోపలికి వచ్చింది. మర్పల్లి నుంచి నొప్పులతో వచ్చిన అమ్మాయి. పేరు మనీషా. ఆమె అత్త ఆటోలోంచే అరుస్తోంది. “భాషనాలు తర్వాత జెప్పుకుందురు, జర దారియ్యుండ్రయ్యా! పిల్ల ఆగదు!”

అందరూ నవ్వారు. సేటు ముఖం వెలిగింది. ప్రారంభం నాడే కాన్పు కేసు! నర్సు స్నేహలత వచ్చి మనీషాను లిఫ్టులో పైకి తీసుకుపోయింది. కాన్పుల వార్డులోకి.

మొగులప్ప ఆకు కింద పెట్టాడు.

అతిథులు భోజనాలకు లేచేదాకా ఆగి, జంగప్పను లాక్కుపోయాడు. కింది రెండూ తొందరగానే అయ్యాయి. సీలింగ్ మూత జరపడం, గొట్టం బయటికి గుంజడం, టేపు పీకడం, మళ్ళీ దించి బిగించడం. మూడోది అట్లా కాదు. మూత ఒక చోట, పెట్టె ఒక చోట. మధ్యలో డక్టు పక్కన పడుకుని పాకాలి. గచ్చు పాలిష్ చేసినప్పుడు లేచిన దుమ్మంతా అక్కడే పేరుకుని ఉంది.

“నువ్వు దిగు. ఇంకెవ్వర్నన్న పిలుద్దం,” అన్నాడు జంగప్ప నిచ్చెన పట్టుకుని.

“ఎవ్వరొస్తరు? నిచ్చెన గట్టిగ పట్టు, నీ ముచ్చట్లు తర్వాత.”

పాకాడు. తెల్ల దుమ్ము మోచేతుల కింద మెత్తగా ఉంది. ఈ మెత్తదనం అతనికి కొత్త కాదు. మూతికి కట్టుకోవడానికి తువ్వాల వెతికితే కిందే ఉండిపోయింది. మెలేసిన వైర్లకు తగలకుండా ఒళ్ళు ముడుచుకున్నాడు. కింద మనీషా కేకలు సీలింగ్ పలకల గుండా వినిపిస్తున్నాయి. ఆమె కేకకూ కేకకూ మధ్య మొగులప్ప ఊపిరి ఈల వేస్తోంది. గొట్టం గుంజాడు. టేపు గట్టిగా అంటుకుంది. గోరు దిగలేదు. పళ్ళతో కొరికాడు. వచ్చింది. ఒక్కో చిల్లూ వేలితో తడిమాడు. గొట్టం దించి బిగించాడు.

విప్పితే చాలదు. పనిచేస్తుందో లేదో చూడాలి. జేబులో ఉన్న అగరుబత్తి ముక్క ముట్టించి పెట్టెకున్న చిన్న రంధ్రం దగ్గర పట్టాడు. లైటు వెలగలేదు. ఇంకా దగ్గరగా పట్టాడు.

ఎర్ర లైటు వెలిగింది. ఏసీ మిషను ఆగింది. భవనమంతా సైరన్ కూసింది.

అగరుబత్తిని నలిపి ఆర్పి జేబులో వేసుకున్నాడు. కింద కుర్చీలు పడ్డాయి. ఎవరో పరుగెత్తారు. పొగ పోయి సైరన్ దానంతట అదే ఆగింది. సేటు పట్టుపంచె ఎగ్గట్టుకుని పైకి వచ్చేసరికి సీలింగ్ రంధ్రంలో తెల్లటి తల ఒకటి కనిపించింది.

“ఎవడు? ఎవడు మోగిచ్చిండు?”

“నేనే సేటు. పనిజేస్తదా లేదా చూసిన.”

“చూసెటందుకు ఇయ్యాల్నే దొరికిందా? పెద్దమనుషులు చేతులు కడగకుండనే ఉరికిన్రు! మళ్ళ మూసెయ్. మండలం దాక, నలభై దినాలు, పొద్దుమాపు పూజలున్నయి. అయినంక విప్పుదువు.”

మొగులప్ప ఒక్కో మెట్టే దిగాడు. కింది మెట్టు మీద నిలబడి నిచ్చెనను రెండు చేతులా పట్టుకున్నాడు.

“నాతోటి కాదు సేటు.”

సేటుకు అర్థం కాలేదు. “ఏందీ?”

“ఆడ బాలింతలు పంటరు. నాతోటి కాదు.”

ఆ మాట అతని నోట్లోంచి మొదటిసారి వచ్చింది. ఊపిరి లోపలికి పోలేదు. ఇంకోసారి పీల్చాడు. పోలేదు. స్నేహలత వార్డులోంచి వచ్చి చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. కొత్త చక్రాల కుర్చీ ఒకటి గుంజుకొచ్చి కూర్చోబెట్టింది.

“కాకా, మెల్లగ పీల్చు. సార్, డాక్టర్ కింద భోజనాల బంతిల ఉన్నడు, పిలుస్త. ఆక్సిజన్ పెడదం.”

సేటు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. “ఇయ్యాల బోణీ స్నేహలతా. సర్కారు దవాఖానకు పంపు.”

“సార్, మనిషి పోతడు.”

“పోతడనే చెప్తున్న. ఈడ పోవద్దు.”

చెడ్డవాడేమీ కాదు సేటు. బోణీ చేసే దుకాణదారు మాట్లాడే మాటే మాట్లాడాడు. ఊళ్ళో ఎవర్నడిగినా తప్పనరు. అదే తప్పు.

ముందు తలుపుకు పూలదండలున్నాయి కాబట్టి వెనక తలుపు గుండా మోసి దించారు. మనీషాను తెచ్చిన ఆటోయే ఇంకా ఆవరణలో ఉంది. జంగప్ప అతన్ని ఒళ్ళోకి ఆనించుకుని కూర్చున్నాడు. బజారు దాటి రైల్వే గేటు దగ్గర ఆగారు. గేటు పడి ఉంది.

“కూసింది గద?” అన్నాడు మొగులప్ప.

“కూసింది. తాండూరంత కూసింది.”

గూడ్సు బండి వచ్చింది. డబ్బాలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. మొగులప్ప తల జంగప్ప భుజం మీద వాలింది. దగ్గు ఆగింది. ఎన్నేళ్ళకో నిద్రపట్టిందిలే అనుకుని జంగప్ప కదలకుండా కూర్చున్నాడు. గేటు లేచింది. ఆటో కుదుపుకు తల జారినప్పుడు గానీ అతనికి తెలియలేదు.

సాయంత్రం మనీషాకు ఆడపిల్ల పుట్టింది. సేటు అందరికీ లడ్డూలు పంచాడు. ముక్కులు మళ్ళీ మూయడానికి చేతనైనవాడెవరూ దొరకలేదు.

పై అంతస్తు వరండాలో చక్రాల కుర్చీ గోడవైపు తిరిగి ఉంది. కొత్తగా కనబడాలని సీటు మీది ప్లాస్టిక్ కవరు తియ్యొద్దన్నారు, ఎవరూ తియ్యలేదు. కవరు మీద తెల్లటి బండ దుమ్ములో ఒక మనిషి వీపంత మరక, చేతులు పెట్టుకునే చోట పది వేళ్ళు.