వెండి రంగు వేసిన ముందు చక్రం

హలో, ఈ వాయిస్ మెసేజ్ తెరిచారా? చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి, మా బావ సంగతి చెప్పాలి.

మా అక్క మొగుడు విమానాలు బాగుచేసే షెడ్డుకి పెద్ద. అక్కడ క్యాంటీన్ నాదే కాబట్టి కళ్లారా చూసిందే చెబుతున్నాను. బావకి పైకి కనిపించేదంటే ప్రాణం. చుట్టాలొస్తున్నారని ఓసారి వంటగది కిటికీకి మూసి ఉండగానే రంగేశాడు. అది ఇప్పటికీ తెరుచుకోదు. అక్క ఆ పొగలోనే వండుతుంది.

అలాంటి మనిషికి కంపెనీ ఛైర్మన్ వస్తున్నాడని కబురొచ్చింది. వెంటనే ఓ విమానం ముందు చక్రాన్ని మోసే ఇనప కాలికి వెండి రంగు కొట్టించాడు. కీళ్ల మీద రంగు పడకుండా టేపు అంటించాలి, తర్వాత గ్రీజు పెట్టాలి, విమానాన్ని జాకీల మీద లేపి చక్రం ముడుచుకుని మళ్లీ కిందికి దిగుతోందో లేదో చూడాలి. టేపు, జాకీలు ఎవరికీ గుర్తు రాలేదు. మెకానిక్ గ్రీజు డబ్బా మాత్రం తెచ్చాడు.

"ఇప్పుడు గ్రీజెందుకయ్యా, మెరుపంతా పోద్ది. ఆయన చూసెళ్లాక పెడుదువులే," అన్నాడు బావ.

ఛైర్మన్ చక్రం పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లాడు. ఫొటో గోడకెక్కింది, గ్రీజు డబ్బా అలమారా ఎక్కింది, కూతురి దగ్గరికి బయల్దేరిన మా అక్క ఆ సాయంత్రమే ఆ విమానం ఎక్కింది.

కీళ్లలో రంగు ఇంకా పచ్చిగా ఉండటంతో చక్రం ఎలాగో లోపలికి ముడుచుకుంది. అక్కడే ఆరి అతుక్కుంది. దిగాల్సిన చోట చక్రం కిందికి రాలేదు. మా రన్‌వే పెద్దదని పైలట్ వెనక్కి తిప్పాడు.

ఆ కబురు విని బావ నా క్యాంటీన్ బెంచీ మీద కూలబడ్డాడు.

"అందులో మీ అక్కుందిరా."

"మిగతావాళ్లు కూడా ఎవరో ఒకరికి అక్కలే కదా బావా," అన్నాను.

విమానం వెనక చక్రాల మీద దిగి, ముక్కు నేలకి రాసుకుంటూ, నిప్పులు చిమ్ముతూ ఆగింది. అందరూ బతికారు. అక్క ఓ చెప్పు పోగొట్టుకుని, తలుపు దగ్గర వేసిన జారుడు బల్ల మీంచి బయటికి జారింది. బావ పరిగెత్తాడు.

"గాలి అడ్డం తిరిగిందే, అంతే. ఎవరడిగినా అదే చెప్పు."

"గాలా? చక్రం అతుక్కుపోయిందని పైలటే చెప్పాడండీ," అంది అక్క మోచేతులు దులుపుకుంటూ.

విచారణ వాళ్లు ఇంటికొచ్చారు. బావ మళ్లీ గాలి అందుకున్నాడు. అక్క మధ్యలోనే ఆపింది.

"బాబూ, గాలి సంగతి తర్వాత. ముందు మా వంటగది కిటికీ తెరిచి చూడండి."

వాళ్లు లాగారు. పిడి ఊడి చేతికొచ్చింది. అట్నుంచి అటే షెడ్డుకెళ్లి చక్రం కీళ్లు గీకి చూశారు. ఆ రోజుతో బావ ఉద్యోగం ఊడింది. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. అక్క ఓ ఉలి చేతికిచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టింది.

ఇది మీవాళ్లకి పంపండి. పెద్ద సారు వస్తున్నాడంటే రంగు డబ్బా తెచ్చేవాడు మీ ఆఫీసులోనూ ఉంటాడు, ముందు వాడికి పంపండి.