బామ్మ ఇక లేరు

ఆమె తీగ రెండు కొసలూ చేతులకు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి, సబ్బు దిమ్మ మీదుగా నిదానంగా కిందికి లాగింది. బిళ్ళ విడివడి బల్ల మీద ఒరిగింది. తీసి వెలుతురుకేసి తిప్పి చూసింది. గాలి బుడగలు లేవు, అంచు పగల్లేదు. మళ్ళీ తీగ పెట్టింది. నిన్న పోసిన దిమ్మలు ఇవాళ కోయకపోతే గట్టిపడిపోయి తీగకు లొంగవు. అందుకే వచ్చీ రాగానే టీ అయినా తాగకుండా పని మొదలుపెట్టడం ఆమెకు అలవాటు.

వెనక గది అది. పొడుగాటి బల్ల, గోడ పొడవునా చెక్క అరలు, అరల నిండా ఆరుతున్న సబ్బులు, ఒకే ఒక్క కిటికీ. నూనె వాసన, కాస్టిక్ సోడా ఘాటు, వాటి మీద పూల సెంటు, అన్నీ కలిసి ఏనాడో ఆమె బట్టల్లోకీ జుట్టులోకీ ఎక్కి కూర్చున్నాయి. ఆమె ఉండే వీధిలో అందరూ సబ్బులావిడ అంటారు. అసలు పేరు అడిగితే ఇంటి ఓనరు కూడా తడుముకుంటాడు. మొగుడు పెళ్ళయిన కొత్తలోనే పోయాడు. పిల్లలు లేరు. యాభై దాటినా జుట్టు నల్లగానే ఉంది, కళ్ళజోడు అక్కర్లేదు. చూసినవాళ్ళు అటు తిరగ్గానే మర్చిపోయే ముఖం. ఆ సంగతి ఆమెకూ తెలుసు, దాని గురించి ఏనాడూ బెంగ పెట్టుకోలేదు.

వెనక తలుపు తోసుకుని కొరియర్ అతను వచ్చాడు. రోజూ గుమ్మం అవతల నుంచే "ఏం పెద్దమ్మా, పార్సిళ్ళు కట్టేశారా?" అని కేకేసుకుంటూ వచ్చే మనిషి, ఇవాళ చడీచప్పుడూ లేకుండా వచ్చాడు. ఆమెను చూసి నిలుచున్న చోటే కొయ్యబారిపోయాడు. చేతిలోని సంచి జారి కింద పడింది.

"పెద్దమ్మా, మీరు... ఉన్నారా?"

"ఉండక ఎక్కడికి పోతాను? పొద్దున్నే ఏం మాటలవి?"

అతను ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు. "వస్తూ దారిలో చూశానండీ. ఆఖరిసారి మిమ్మల్ని చూద్దామనే బండి ఇంత స్పీడుగా తోలుకొచ్చాను."

ఫోనులో ఆమె ఫొటో ఉంది. ఫొటో మూలన నల్ల రిబ్బను. కింద పెద్ద అక్షరాలతో 'బామ్మ ఇక లేరు' అని రాసి ఉంది. ఆమె కూడబలుక్కుంటూ మిగతాది చదివింది. మన సబ్బులకు ప్రాణం పోసిన చేతులు నిన్న సాయంత్రం శాశ్వతంగా విశ్రమించాయట. ఆ చేతులు చేసిన ఆఖరి సబ్బులు కొద్ది రోజులే దొరుకుతాయట. జ్ఞాపకంగా దాచుకోవాలట. ఆ కిందే నీలం రంగులో 'ఇప్పుడే కొనండి' అని ఉంది.

ఆమె రెండోసారి చదివింది. అక్షరాలు మారలేదు. నిన్న సాయంత్రం ఆమె ఇదే బల్ల దగ్గర నిలబడి అచ్చులు కడిగింది. బస్సులో సీటు కూడా దొరికింది.

"కింద ఎంతమంది రాశారో చూడండి," అన్నాడు కొరియర్ అతను, అదేదో ఓదార్పు అన్నట్టు.

వేలితో పైకి తోసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. మా ఇంట్లో మనిషి పోయినట్టుందని ఒకరు. నాకు బామ్మ లేని లోటు మీరే తీర్చారని ఒకరు. మా పాపకు చెప్పలేకపోతున్నానని ఇంకొకరు. ఆమె జన్మలో ఎవరూ ఆమె కోసం ఇన్ని మాటలు ఖర్చు పెట్టలేదు. లోపల కలిగింది భయమో, ఏడుపో, మరోటో ఆమెకే తెలియలేదు. ఫోను అతని చేతిలో పెట్టి, చేతులు తుడుచుకుని, ముందు గదిలోకి నడిచింది.

ఈ బామ్మ వ్యవహారం మొదలై రెండేళ్ళు దాటింది. అంతకుముందు ఇది వంటింట్లో మొదలైన చిన్న సబ్బుల కొట్టు. యజమానురాలు ముప్పై నిండని పిల్ల, మొదటి రోజు నుంచీ ఆమెను పిన్నీ అనే పిలుస్తుంది. సబ్బులు బాగానే ఉండేవి, కొనేవాళ్ళే లేరు. అప్పుడు ప్రచారం బాబు వచ్చాడు. ఇంటర్నెట్టులో వ్యాపారాలకు పేరు తెచ్చిపెట్టడం అతని వృత్తి. ప్రచారం బాబు అన్న పేరు ఆమె మనసులో పెట్టుకున్నదే, అతనికి తెలియదు. తాను చెప్పేది ముందు తానే నమ్మేసే రకం కాబట్టి, అతని మీద ఎవరికీ కోపం రాదు. "అమ్మాల్సింది సబ్బును కాదండీ, మనిషిని. సబ్బు దాని వెనకే పోతుంది," అన్నాడు. యజమానురాలి చేతులు ఫొటోకు పనికి రాలేదు, గోళ్ళకు రంగు. వెనక గదిలోకి తొంగి చూసి, కాస్టిక్‌కు పగిలిన ఆమె చేతులు చూసి, నిధి దొరికినవాడిలా సంబరపడ్డాడు. చేతుల తర్వాత ముఖం. భుజాల మీద ఊలు శాలువా, ముక్కు మీద ఉత్త అద్దాల కళ్ళజోడు. కంప్యూటరులో జుట్టు తెల్లబరిచి, నాలుగు ముడతలు అదనంగా వేశాడు. పిల్లలే లేని మనిషి ఒక్క పూటలో ఊరందరికీ బామ్మ అయి కూర్చుంది.

ఇంటర్నెట్టులో కొట్టు పేజీలో బామ్మ చిట్కాలు, బామ్మ కోపాలు, బామ్మ జ్ఞాపకాలు వచ్చేవి. వచ్చిన ప్రతి కామెంటుకూ, మెసేజీకీ బామ్మ పేరుతో ప్రచారం బాబే జవాబు రాసేవాడు. ఎవరినీ జవాబు లేకుండా వదలకూడదు, అదే కిటుకు అనేవాడు. మొదట్లో ఆమెకు సిగ్గేసింది. తర్వాత లోలోపల కాస్త ముచ్చటేసింది కూడా. ఆ ముచ్చట సంగతి ఎవరికీ చెప్పలేదు.

ముందు గదిలో యజమానురాలు కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. పక్కన ప్రచారం బాబు. ఎదురుగా బల్ల మీద ఆమె ఫొటో, ఫ్రేము కట్టించి ఉంది. ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. తన ఫొటో ముందు వెలుగుతున్న కొవ్వొత్తిని చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"పిన్నీ," అంటూ యజమానురాలు లేచింది. ముఖం పాలిపోయింది. "నిన్ననే చెబుదామనుకున్నాను. నోరు రాలేదు."

"నేను పోయానా అమ్మాయ్?"

"నువ్వు కాదు. బామ్మ."

"ఫొటో నాదేగా."

ప్రచారం బాబు కల్పించుకున్నాడు. "బామ్మగారూ, మీరు కంగారు పడకండి. ఇప్పుడు సందుకో బామ్మ తయారైంది. నూనెలవాళ్ళకు బామ్మ, దుప్పట్లవాళ్ళకు బామ్మ. మన పేజీ చూసేవాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు. కథ మలుపు తిరగకపోతే మూసుకోవడమే. పొద్దుటి నుంచి చూడండి, ఆర్డర్లు ఆగడం లేదు."

"ఇంకో మలుపు దొరకలేదా నాయనా? ఏ ఊరికో వెళ్ళానని చెప్పినా సరిపోయేది."

అతను యజమానురాలి వైపు చూశాడు. ఆ పిల్ల తలెత్తలేదు. "వచ్చే నెల నుంచి సబ్బులు ఫ్యాక్టరీలో చేయిస్తున్నాం పిన్నీ. మిషన్లు. చేతులతో చేస్తే గిట్టుబాటు కావడం లేదు."

"బామ్మ చేత్తో చేసినవి అని ఇక చెప్పలేం కదండీ. అబద్ధమవుతుంది," అన్నాడు ప్రచారం బాబు ఎంతో నిజాయితీగా.

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను ఎగతాళి చేయడం లేదు. అది అర్థమయ్యాక ఇంకా అవాక్కయింది. బామ్మ చచ్చిపోతే చచ్చిపోయింది, అంతవరకు గుండె రాయి చేసుకోగలదు. కానీ వెనక గది ఉండదు. తీగ ఉండదు, అరలు ఉండవు. పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఆమెకున్నది ఆ గది ఒక్కటే. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికైనా తట్టిందా అని వాళ్ళ ముఖాల్లో వెతికింది.

"మరి నేనో?" అంది.

"నీకేం లోటు రానివ్వను పిన్నీ, ఒట్టు. కాకపోతే కొన్నాళ్ళు ఎవరి కంటా పడకు. ఇవాళ ఆ దిమ్మలు కోసేస్తే... అవే ఆఖరివి."

ఆమె ఏదో అనబోయింది. అంతలో వీధి తలుపు గంట మోగింది. యజమానురాలు గబుక్కున ఆమె భుజం పట్టుకుని వెనక గదిలోకి నెట్టి కర్టెన్ లాగేసింది. నెట్టడం మెల్లిగానే నెట్టింది. అయినా ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఆమెను నెట్టడం అదే మొదటిసారి.

కర్టెన్ సందులోంచి కనిపిస్తోంది. వచ్చినావిడకు నలభై ఉంటాయి. తలకు స్కార్ఫ్ కట్టుకుంది, దాని కింద జుట్టు ఇంకా సరిగ్గా మొలవలేదు. చేతిలో కాగితం సంచి. నేరుగా వెళ్ళి ఫొటో ముందు నిలబడింది. తర్వాత ముఖం చేతుల్లో దాచుకుని భోరున ఏడ్చింది.

"మీరు బామ్మకు... తెలిసినవాళ్ళా?" అని అడిగింది యజమానురాలు.

"ఎప్పుడూ చూడలేదండీ. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆవిడకు మెసేజీలు పెట్టేదాన్ని. మా ఇంట్లోవాళ్ళకు భయమేస్తుందని చెప్పలేని మాటలన్నీ ఆవిడకే చెప్పాను. ఎంత పని ఉన్నా జవాబు రాసేవారు. నేను ఇక మందులు వద్దన్న రోజున, నేను బాగై వస్తే నాతో దిమ్మ కోయిస్తానన్నారు. దాని కోసమే వచ్చాననుకోండి ఇంతదూరం. ఇక్కడ బస్సు దిగుతూ ఫోను చూశాను."

ప్రచారం బాబు నేల చూపులు చూస్తున్నాడు. చెవులు కందగడ్డలయ్యాయి. జవాబు లేకుండా ఎవరినీ వదలకూడదని ఆ మాటలన్నీ రాసింది అతనే. రాసి మర్చిపోయి ఉంటాడు. వాటిని పట్టుకుని ఒక మనిషి బతికి వస్తుందని అతనూ అనుకుని ఉండడు.

ఇక ఆమె ఉండబట్టలేకపోయింది. ఎవరి కంటా పడొద్దన్న మాట గుర్తుంది. అయినా కర్టెన్ తోసుకుని బయటికి వచ్చింది. నేనిక్కడే ఉన్నాను, ఏడవకు, రా దిమ్మ కోద్దువుగాని అని చెప్పడానికే వచ్చింది.

"అమ్మా, ఇటు చూడు," అంది.

వచ్చినావిడ తిరిగి చూసి ఉలిక్కిపడింది. ఆమెను చూసి, ఫొటోను చూసి, మళ్ళీ ఆమెను చూసింది. నల్ల జుట్టు. కళ్ళజోడు లేదు. ముడతలు లేవు.

"ఎంత పోలిక," అంది నెమ్మదిగా. "మీరు బామ్మ చెల్లెలా?"

యజమానురాలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆమెకు మాట నాలుక చివరి దాకా వచ్చింది. నేనే అంటే బామ్మ బతుకుతుంది. కానీ ఆస్పత్రి మంచం దగ్గరికి వచ్చిన జవాబులు ఎవరివో చెప్పాల్సి వస్తుంది. అప్పుడు ఈవిడకు ఆ రోజులన్నిట్లోనూ పక్కన ఎవరూ లేనట్టే అవుతుంది. ఇంకా జుట్టయినా రాని ఆ తలను చూస్తూ ఆ మాట అనడం ఆమె వల్ల కాలేదు.

"అవునమ్మా," అంది. "చెల్లెల్ని."

వచ్చినావిడ రెండు చేతులూ పట్టుకుంది. "చివర్లో బాధపడ్డారా?"

"లేదు. పని చేతిలో ఉండగానే అయిపోయింది. ఆవిడకు తెలియనే లేదు."

"అదృష్టవంతురాలు," అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి బూడిదరంగు ఊలు మేజోళ్ళ జత తీసింది. "రోజంతా నిలబడితే పాదాలు మొద్దుబారిపోతాయని ఓసారి పేజీలో అన్నారు. ఆస్పత్రిలో కూర్చుని అల్లాను. మొదటిసారి అల్లడం, కొంచెం వంకర వచ్చింది."

ఆ మాట మాత్రం ఆమె నిజంగానే అన్నది. ఫొటో తీసే రోజున, ఎవరితోనో కాదు, తనలో తాను. పక్కనున్న ప్రచారం బాబు చెవిన పడి ఉంటుంది. వచ్చినావిడ మేజోళ్ళు పట్టుకుని ఒక్క క్షణం ఆమె వైపు చూసింది. ఇవ్వాలా అనుకుంది కాబోలు. మళ్ళీ తల అడ్డంగా ఊపి, "ఆవిడ కోసం అల్లినవి, ఆవిడ దగ్గరే ఉండనివ్వండి," అని ఫొటో ముందు పెట్టింది. అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఆమె వెనక గదిలోకి వెళ్ళి మిగిలిన దిమ్మలన్నీ కోసింది. బిళ్ళలు అరల్లో పేర్చింది, ఒకదానికొకటి తగలకుండా. తీగ కడిగి తుడిచి మేకుకు తగిలించింది. కొరియర్ అతను ఎప్పుడు వెళ్ళాడో చూసుకోలేదు. సాయంత్రం యజమానురాలు గుమ్మంలోకి వచ్చి, "రేపు ఫోన్ చేస్తాను పిన్నీ," అంది. ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. ఆమెకు కోపం రాలేదు. కోపం రావాలంటే తానెవరో ముందు తనకు తెలియాలి. పొద్దున లేచినప్పుడు తెలిసినంత కూడా ఇప్పుడు తెలియడం లేదు.

"సరేనమ్మా," అని వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

బస్సు కోసం వీధి చుట్టి కొట్టు ముందు నుంచే పోవాలి. అద్దాల వెనక లైట్లు వేసి ఉన్నాయి. ప్రచారం బాబు ఫోను పట్టుకుని బల్ల ముందు వంగి, వెలుతురు పడేలా ఫొటోను కొంచెం జరిపాడు, కొవ్వొత్తిని కొంచెం జరిపాడు. ఫొటో తీయబోయి ఎందుకో ఆగిపోయాడు. ఫోను జేబులో పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఆమె అద్దానికి దగ్గరగా వెళ్ళి చూసింది. మేజోళ్ళు తన కొలతే. ఎడమది కొంచెం పొడుగు, మడమ దగ్గర ఒక ముడి తప్పి ఊలు బయటికి వచ్చింది, ఎవరూ దాన్ని లోపలికి తోయలేదు.