కార్డు వచ్చిన వారం

ఇలా వచ్చి నా పక్కన కూర్చో తల్లీ. ఆ కుర్చీలో కాదు, ఇక్కడ, మంచం మీద. ఈ మధ్య నా గొంతు గది గుమ్మం కూడా దాటడం లేదు. నీ చేతిలో ఉన్న కాగితాన్ని పొద్దున్నే చూశాను. నేను అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్నే గానీ, దాని మీదున్న ఆ గుండె బొమ్మ నాకు కొత్తది కాదు. నువ్వు పుట్టకముందే మన గుమ్మం ఎక్కింది. వాళ్ల పరిశోధనలో చేరతానని సంతకం పెట్టు, వద్దనను. కానీ పెట్టేముందు ఒక్క సంగతి విను. చాలాకాలం కడుపులో పెట్టుకుని మోశాను. మోసి మోసి అలిసిపోయాను.

గుండెజబ్బు ఎవరికి వస్తుంది, పక్షవాతం ఎవరికి వస్తుంది, రాబోయే ముందు ఒంట్లో ఏం కనిపిస్తుంది, ఇదీ ఆ పరిశోధన ఆఫీసువాళ్లు తేల్చాలనుకున్నది. అందుకని మన రెండు వీధుల్లో ఇంటికి ఇద్దరు చొప్పున రాసుకున్నారు. మన ఇంట్లో నేనూ, మీ తాతయ్యా. ఏడాదికోసారి ఒకావిడ వచ్చేది. బరువు చూసేది, నడుం కొలిచేది, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసేది, ఆ తర్వాత ఎనిమిది పేజీల ప్రశ్నలు అడిగేది. ఉప్పు ఎంత తింటారు, పొగ తాగుతారా, ఎన్ని గంటలు పడుకుంటారు, మీ నాన్న ఎలా పోయాడు, అమ్మ ఎలా పోయింది. వీధంతా ఆవిడని కొలతలమ్మ అనేవాళ్లు. ఆ పిలుపుకే పలికేది పాపం.

కొలతలమ్మ వచ్చేసరికి ఎప్పుడూ మధ్యాహ్నం అయ్యేది. సంచీ పట్టీ ఒరుసుకుని భుజం మీద ఎర్రటి చార. చెప్పులు విప్పితే పాదాల మీద వాటి అచ్చు. కూర్చోగానే, "అక్కా, ముందు మంచినీళ్లు. ఇది పదకొండో ఇల్లు" అనేది. మీ తాతయ్య కుట్టుమిషను దగ్గర్నుంచి తల ఎత్తకుండానే, "ఊళ్లో వాళ్లందరికీ బీపీ చూస్తున్నావు, నీ బీపీ ఎవరు చూస్తారమ్మా?" అనేవారు.

"నాకు తీరికెక్కడిది మాస్టారూ? నాది పెన్షనొచ్చాక చూసుకుంటాను."

"అప్పటిదాకా అది ఆగుతుందా?"

"ఆగమని చెప్పాను లెండి."

మీ తాతయ్య టైలరు. ఆయన కత్తిరించిన గుడ్డలో ఒక నూలుపోగు కూడా తేడా రాదు. మూడో ఏడు అనుకుంటా, కాదు, రెండో ఏడే, మా పెద్దాడికి కాలు విరిగిన ఏడు, కొలతలమ్మ నడుం కొలుస్తుంటే ఆవిడ చేతిలో టేపు లాక్కుని వెలుగులో పట్టి చూశారు.

"ఇది సాగిపోయిందమ్మా. గుడ్డ టేపు. ఏడాది పాటు వంద నడుములు కొలిస్తే సాగదా మరి? అర అంగుళం తక్కువ చూపిస్తోంది."

ఆవిడ నమ్మలేదు. ఆయన తన ఇనప స్కేలు తెచ్చి పక్కన పెట్టి చూపించారు. సరిగ్గా అర అంగుళం. "అంటే ఈ ఏడు అందరి నడుములూ తప్పేనా మాస్టారూ?" అంది. వెంటనే వెళ్లి ఆఫీసులో చెప్పింది, కొత్త టేపుతో రెండు వీధులూ మళ్లీ కాళ్లీడ్చుకుంటూ తిరిగింది. అప్పటినుంచి ఆవిడకి మీ తాతయ్యంటే ఎంత గౌరవమో. "మాస్టారు చెప్పారంటే అది నిజం" అని పదిమందిలో అనేది.

ఇక్కడే ఉంది అసలు సంగతి.

మొదటి ఏడు ఆయనకి బీపీ నూట డెబ్భై వచ్చింది. కొలతలమ్మ చిన్నబుచ్చుకున్న మొహంతో చీటీ రాసి ఆస్పత్రికి పంపింది. అక్కడ మాత్రలిచ్చారు, రోజుకొకటి. పది రోజులు వేసుకున్నారు. పదకొండో రోజు నేను నీళ్లగ్లాసు పట్టుకెళితే, "నాకేం ఒళ్లు నొప్పా, జ్వరమా? బాగున్నవాడికి మందెందుకే? అలవాటైతే ఇక జన్మంతా మింగాలి" అన్నారు. నేనూ ఔననుకున్నాను. నాకు మాత్రం ఏం తెలుసు?

కొలతలమ్మ రావడానికి వారం రోజుల ముందు ఒక కార్డు వచ్చేది, ఫలానా రోజు వస్తాం, ఇంట్లో ఉండండి అని. రెండో ఏడు ఆ కార్డు చూడగానే ఈయనకి మొదటి ఏడు చిన్నబోయిన ఆవిడ మొహం గుర్తొచ్చింది. షీటులో మిగిలిన మాత్రలు తీసి మొదలుపెట్టారు. సిగరెట్లు పక్కన పెట్టేశారు. "కూరలో ఉప్పు తగ్గించవే, పరీక్ష వారం" అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆవిడ వచ్చి చూస్తే నూట ముప్పై. ఎంత సంబరపడిందో! "చూశారా మాస్టారూ, రోజూ వేసుకుంటున్నారన్నమాట" అంది.

ఆయన ఔననలేదు, కాదనలేదు. నా వైపు చూశారు. నేను మంచినీళ్లు తెచ్చే నెపంతో లోపలికి వెళ్లిపోయాను.

అంతే తల్లీ. అలా మొదలైంది. ఏడాదిలో యాభై ఒక్క వారాలు ఒక మనిషి, కార్డు వచ్చిన వారం ఇంకో మనిషి. ఆ వారం ఉప్పులేని కూడు వండింది నేను. మాత్ర చేతిలో పెట్టింది నేను. అర అంగుళం తప్పు ఓర్వలేని మనిషి, కొలతలమ్మ నవ్వు చూడ్డానికి ఇంత తప్పు చేస్తున్నాడేమిటని ఒక్కసారైనా అడగలేదు. కోపగించుకుంటారేమోనని భయం కూడా కాదు. ఇంటి చాకిరీకే ఒళ్లు హూనమయ్యేది, దీని గురించి ఆలోచించే ఓపిక లేకపోయింది. ఓపిక లేకపోవడం వల్లే ఎన్ని తప్పులు జరుగుతాయో, లెక్క తీస్తే నీకు భయమేస్తుంది.

తొమ్మిదో ఏడు, కొలతలమ్మ వచ్చి వెళ్లిన కొన్నాళ్లకి, ఒక పొద్దున, ఎవరిదో చొక్కాకి కాలరు తిప్పుతూ ఉన్నట్టుండి కత్తెర వదిలేశారు. "ఏమండీ" అంటే మాట రాలేదు. నోరు ఒక పక్కకి జారింది. కుడి చెయ్యి గుడ్డపీలికలా వేలాడింది. పక్షవాతం. ఆస్పత్రిలో ఇరవై రెండు రోజులు. ఇంటికి వచ్చాక ఆయన కుడిచేతిని నేనే ఎత్తి ఒళ్లో పెట్టేదాన్ని. ఎన్ని వందల చొక్కాలు కుట్టిన చెయ్యి, నా కళ్ల ముందు బరువైపోయింది.

ఆ రోజుల్లోనే నా చెల్లెలు, అదే మీ చిన్నమ్మమ్మ, పక్కింట్లోనే ఉండేది, ఒకరోజు మాత్రల షీటు తెచ్చి నా వంటింటి చెత్తబుట్టలో పడేసింది. దానికి అప్పటికే బీపీ నూట ఎనభై. తల దిమ్ముగా ఉందని పొద్దస్తమానం గొణిగేది.

"ఏమిటే ఇది?" అన్నాను.

"ఏముంది, మానేశాను. బావ ఎనిమిదేళ్లు రోజూ మింగాడు. ఏం ఒరిగింది? కొలతలమ్మ పుస్తకంలో నూట ముప్పై, మంచం మీద బావ. ఆ మందు ఉత్త సుద్దముక్క అక్కా! ఎదురింటి ఆవిడ కూడా మానేసింది."

పిల్లా, అది కాదే, అనబోయాను. లోపల మంచం మీద నుంచి చూస్తున్నారు ఆయన. మాట లేదు గానీ చెవులు బాగానే ఉన్నాయి. ఎడమచేతి వేలు పెదాల మీద పెట్టుకున్నారు. చెప్పకు అని.

ఆ వేలు చూసి నీళ్లు నమిలాను. "ఊరికే పారెయ్యకు, దాచు" అని మాత్రం అన్నాను.

"నువ్వే దాచుకో" అని వెళ్లిపోయింది.

నాలుగు రోజులు అన్నం సహించలేదు. చెబితే ఈయన పరువు పోతుంది. చెయ్యి పోయింది, మాట పోయింది, మాస్టారు చెప్పారంటే నిజం అన్న ఆ ఒక్క మాటే మిగిలింది. చెప్పకపోతే నా చెల్లెలు, నా చేతుల్లో పెరిగిన పిల్ల, ఏదో ఒక పొద్దున గిన్నె తోముతూ అలాగే ఒరిగిపోతుంది. పొద్దున లేవగానే గోడ అవతల దాని దగ్గు వినబడేదాకా నాకు ఊపిరాడేది కాదు.

అయిదో రోజు కొలతలమ్మ వచ్చింది. కార్డు లేకుండా, సంగతి తెలిసి చూడ్డానికి వచ్చింది. చెప్పులు విప్పి, నీళ్లు కూడా అడగకుండా, మంచం పక్కన కింద కూలబడింది. ఆయన ఎడమచెయ్యి పట్టుకుని నిమిరింది. తర్వాత సంచీలోంచి పుస్తకం తీసింది.

"మా డాక్టర్లకి అంతు చిక్కడం లేదక్కా. మందు వాడుతూ, బీపీ అదుపులో ఉండి కూడా ఈయనకెందుకు వచ్చిందని. అలాగే రాస్తున్నారు, 'రోజూ మందు వాడినా వచ్చింది' అని."

ఆ మాట వినేసరికి నాకు ఇక ఆగలేదు. ఆయన వేలు మళ్లీ పెదాల మీదికి వెళుతోంది. అటు చూడకూడదని గోడకేసి చూస్తూ చెప్పాను.

"రోజూ వాడలేదమ్మా. మీ కార్డు వచ్చాక వాడేవారు. ఏడాదికి ఒక్క వారం."

కొలతలమ్మ అర్థంకానట్టు చూసింది. "ఏదో ఒక ఏడు అలా జరిగిందా అక్కా?"

"అన్నేళ్లూ అంతే. కాదు, ఒక్క ఏడు తప్ప. ఆరో ఏడు, మా వీధి పైపు పగిలి నీళ్లు రాని ఏడు. మీ కార్డు ఆలస్యంగా వచ్చింది, మీరు వచ్చే ముందురోజే చేతికందింది. ఒక్క మాత్రే పడింది. ఆ రోజు మీరు నీలంచీర కట్టుకున్నారు. బీపీ చూసి రెండుసార్లు మళ్లీ చూశారు. ఆయన రాత్రి నిద్ర లేదని అబద్ధమాడారు."

కొలతలమ్మ పుస్తకంలో పేజీలు తిప్పింది. ఆరో ఏటి దగ్గర ఆగింది. వేలు అక్కడే పెట్టి ఉంచింది. "నూట అరవై నాలుగు" అంది మెల్లగా. "పక్కన నేనే రాసుకున్నాను, 'రాత్రి నిద్ర లేదు' అని."

తర్వాత గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అలిసిపోయిన మనిషికి తిట్టడం కూడా ఒక పనే కదా.

"ఎనిమిదేళ్లు, 'వాడుతున్నారా' అని అడిగాను అక్కా" అంది చివరికి. "షీటు చూపించండి అని ఒక్కసారి అడగలేదు. మాస్టారిని అలా ఎలా అడుగుతాను అనుకున్నాను."

అప్పుడు మంచం మీంచి ఒక చప్పుడు వచ్చింది. నెల్లాళ్లుగా ఆయన నోట ఒక్క ముక్క సరిగ్గా రాలేదు. ఇద్దరం తిరిగి చూశాం. నోరు వంకర పోతుంటే, కన్ను నీరు కారుతుంటే, కూడదీసుకుని అన్నారు.

"వారం... వారమే."

మళ్లీ అన్నారు, నాకు తోడు సాక్ష్యం చెబుతున్నట్టు. "వారమే అమ్మా."

కొలతలమ్మ పెన్ను తీసింది. ఆ పాత అంకెలు కొట్టేస్తుందనుకున్నాను. కొట్టెయ్యలేదు. "రాసింది కొట్టకూడదు అక్కా. పక్కన నిజం రాయాలి, ఈ రోజు తేదీ వేయాలి" అంది. రెండో ఏటి నుంచి ప్రతి ఏటి పక్కనా 'మందు వారం మాత్రమే', ఆరో ఏటి పక్కన 'ఒక్క మాత్రే' అని రాసుకుంటూ పోయింది. ప్రతిదానికీ ఆయన సంతకం కావాలంది. ఎడమచేత్తో, నేను పుస్తకం పట్టుకుంటే, ఎనిమిది గీతలు గీశారు. ఒక్కటీ తిన్నగా రాలేదు. చివరి గీత అయ్యాక దాన్ని చూసి మొహం చిట్లించారు, వంకర కుట్టు పడిన కాలరును చూసినట్టే.

నేను చెల్లెలి ఇంటికి పరిగెత్తాను. పరిగెత్తడమంటే, ఈ మోకాళ్లతో ఎంత పరిగెత్తగలనో అంత. చెత్తబుట్టలోంచి తీసి దాచిన షీటు దాని చేతిలో పెట్టి అంతా చెప్పాను. అది నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అయితే ఇన్నాళ్లూ నన్ను చంపుదామనుకున్నారా మొగుడూ పెళ్లాలూ?" అని వీధి వినేలా అరిచింది. అరుస్తూనే మాత్ర మింగింది. ఇప్పటికీ అరుస్తూనే ఉంది, చూస్తున్నావుగా, డెబ్భై దాటినా. అరిచినప్పుడల్లా నాకు ప్రాణం కుదుటపడుతుంది.

మీ తాతయ్య ఆ తర్వాత నాలుగేళ్లు బతికారు. నా మీద అలిగి అయిదు రోజులు మొహం తిప్పుకున్నారు. ఆరో రోజు ఎడమచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతుంటే సాయం చెయ్యబోయాను, వద్దని తల ఊపారు. చాలాసేపటికి పెట్టుకున్నారు. ఆ రోజు మాట్లాడారు, "మాత్ర ఇవ్వు" అని. అప్పటినుంచి ఒక్క రోజు తప్పలేదు. అప్పటికే ఆలస్యమైపోయిందనుకో, అయినా తప్పలేదు.

ఆఫీసులో పైవాళ్లు ఏం తేల్చారో నాకు తెలియదు. కొలతలమ్మ మాత్రం పెన్షను పుచ్చుకునే దాకా ప్రతి ఇంట్లో షీటు తెప్పించి ఒక్కొక్క మాత్రా లెక్కపెట్టేది. జనం విసుక్కునేవాళ్లు. "మా మీద నమ్మకం లేదా?" అంటే, "నమ్మకం ఉంది, అందుకే లెక్కపెడుతున్నాను" అనేది. ఆవిడ బీపీ చివరికి మా ఇంట్లోనే, మా మంచం మీదే చూపించుకుంది. నూట డెబ్భై ఆరు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులో ఓపిక లేదు గానీ నవ్వాం.

సరే, ఇప్పుడా కాగితం మీద సంతకం పెట్టు. రేపు ఎవరో పిల్ల వస్తుంది నీ దగ్గరికి, సంచీ మోసుకుని, కాళ్లీడ్చుకుంటూ. దానికి ముందు మంచినీళ్లివ్వు. దాని మొహం చూసి జవాబు చెప్పకు, నిన్న తిన్నది తిన్నట్టు చెప్పు. ఈ సంగతి కూడా చెప్పు. నేను పోయాక నీ పిల్లలకీ చెప్పు. తాతయ్య పరువు పోతుందని సగం మింగెయ్యకు. సాగిపోయిన టేపు సంగతి చెప్పినప్పుడు, కార్డు వచ్చిన వారం సంగతి కూడా చెప్పు. రెండూ ఆయనవే. విన్నావా? ఏదీ, ఆరో ఏడు ఎంత వచ్చిందో చెప్పు చూద్దాం.