అమ్మ పుట్టింటి పేరు

"నా ఆన్‌లైన్ ఖాతా మీద అటాక్ అయింది" అని అర్సెనియో ఫోన్లో ఆఫీసువాళ్ళకు చెప్పాడు. గోడ అవతల బట్టలారేస్తున్న ఆలింగ్ పసింగ్‌కు ఆ 'అటాక్' ఒక్కటే వినిపించింది. అరగంట తిరక్కుండా సగం వీధి రొట్టెలతో, నూడుల్స్ గిన్నెలతో, కొవ్వొత్తులతో అతని వసారాలో దిగింది.

"లేచి కూర్చున్నావేంట్రా సెన్యో, పడుకో" అంది పసింగ్.

"గుండె బాగానే ఉంది ఆలింగ్ పసింగ్. దెబ్బ తగిలింది ఖాతాకి."

"మొహం చూస్తే అలా లేదు మరి."

వాదించే ఓపిక అతనికి లేదు. ఈ నెలలో ఇది మూడోసారి. ఎవరో పాస్‌వర్డ్ మార్చేస్తారు, తను మళ్ళీ మారుస్తాడు. తాళం మీద తాళం వేసి వేసి ఇక తాళలేని స్థితికొచ్చాడు. మొదటి రెండుసార్లూ పోయిందేమీ లేదు. ఈసారి పోయింది.

భార్య లుసిలా చివరి ఐదు నెలలూ ప్రతి ఆదివారం ఫోటో తీయించుకుంది. జుట్టు రాలిపోయాక కూడా. "నీ కోసం తియ్యి. ఇంకొకరి కంట పడనివ్వకు" అంది. ఆ ఇరవై మూడు ఫోటోల్నీ 'నాకు మాత్రమే' అన్న అమరికలో దాచాడు. పొద్దున చూస్తే వాటి కింద 'అందరికీ' అని ఉంది. అప్పటికే రెండొందల మంది చూశారు.

"పెద్ద దొంగే అయ్యుంటాడు" అన్నాడు ఎదురింటి మాంగ్ ఇస్కో, నూడుల్స్ వడ్డించుకుంటూ.

అర్సెనియో అమరికల్లో వెతుకుతూ పోయాడు. పాస్‌వర్డ్ మరిచిపోయినవాణ్ణి ఖాతా అడిగే ప్రశ్న ఒకటుంది: మీ తల్లి పుట్టింటి పేరు? పైన తన పేరుంది: అర్సెనియో కబిగ్టింగ్ మనలాస్టాస్. నడిమి పేరు అమ్మ పుట్టింటిదే. ఇంటికి తాళం వేసి, తాళంచెవిని పేరు పలకకే తగిలించినట్టుంది.

"మనందరికీ అంతే కదరా" అంది పసింగ్ నెమ్మదిగా. ఒక్కొక్కరూ ఫోను తీసి తమ పేరు తామే అనుమానంగా చూసుకున్నారు.

వంటింట్లోంచి అతని తల్లి, ముసలమ్మ, టాబ్లెట్ పట్టుకుని వచ్చింది.

"ఆ ప్రశ్నా? నన్నే అడిగింది. చెప్పాను."

"ఎవరడిగారు నానాయ్?"

"ఇదే. నీ తల్లి పుట్టింటి పేరేంటంది. నా పుట్టింటి పేరు నన్నడిగితే చెప్పనా? ఆసుపత్రిలో చెప్పలేదూ, పింఛను కాడ చెప్పలేదూ. చెప్పగానే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని లోపలికి రానిచ్చింది, మర్యాదగా."

"ఎందుకెళ్ళావు?"

"ఆదివారానికి లుసిలా పోయి ఏడాది. దుఃఖం దింపే రోజు. ఫ్లెక్సీ వేసేవాడు ఫోటో కావాలన్నాడు. రెండుసార్లు వెళ్ళినా నచ్చింది దొరకలేదు. మూడోసారి దొరికాయి, వాడికి పంపడం నాకు రాలేదు. 'అందరికీ' నొక్కు, నేనే తీసుకుంటానన్నాడు."

"పెళ్ళి ఫోటోలున్నాయి కదా నానాయ్."

"వాటిల్లో ఫోటోలు తీసేవాణ్ణి చూసి నవ్వుతోంది. వీటిల్లో నిన్ను చూసి నవ్వుతోంది."

అర్సెనియో ఇరవై మూడింటినీ మళ్ళీ 'నాకు మాత్రమే' చేశాడు. కొత్త ప్రశ్న పెడదామని చూశాడు. పుట్టిన ఊరు, మొదటి బడి, ఇష్టమైన వంట. ఏదడిగినా ఈ వసారా ముక్తకంఠంతో చెప్పేస్తుంది. తన గురించి వీధికి తెలియనివి ఆ ఇరవై మూడే. అవీ తెలిసిపోయాయి.

ఫ్లెక్సీ వేసేవాడికి ఫోన్ చేసి, పెళ్ళి ఫోటో పంపుతానని చెప్పాడు. ముసలమ్మ అతని పక్కన కూర్చుని ఒక రొట్టె తుంచి చేతిలో పెట్టింది.

గేటు దగ్గర ఎవరో పూలదండతో దిగారు. అర్సెనియో లేచి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"గుండెకి కాదు, ఖాతాకి. దొంగ లేడు. మా అమ్మని అడిగారు, చెప్పింది."

"మరి ఈ కొవ్వొత్తులో?" అంది పసింగ్.

"ఉంచండి ఆలింగ్ పసింగ్. ఆదివారానికి పనికొస్తాయి."