మూడేసి చీమలు

వంటింటి గట్టు మీద చీమలు.

చక్కెర డబ్బా వైపు వరసగా, ఒకదాని వెనక ఒకటి, ఏ తొందరా లేకుండా. కిటికీలోంచి ఎండ పడి వాటి వెన్నులు మెరుస్తున్నాయి. భార్య తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచింది. గుడ్డ పిండి, ఆరేసి, వెనక్కి తిరిగేలోగా డబ్బా చాటునుంచి మళ్లీ మూడు.

ఆయన కంచం ముందు కూర్చుని అన్నాడు —

"ఇది కొంచెం..."

"ఉప్పు. మీ ఎడమచెయ్యి పక్కనే ఉంది."

ఉంది.

ఆ ఇంట్లో మాటలు అలాగే నడుస్తాయి. మొదలుపెట్టడం ఆయన వంతు, పూర్తి చేయడం ఆమె వంతు. "సాయంత్రం కాస్త..." అంటాడు. "ఆలస్యమవుతుంది, సరే" అంటుంది. "మీ తమ్ముడు మరీ..." అంటాడు. "మావాడి జోలికి మాత్రం రాకండి" అంటుంది. ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. పెళ్లిలో ఫోటోగ్రాఫర్ నవ్వమన్నప్పుడు కూడా ఆయన సగమే నవ్వాడు. మిగతా సగం ఆమె ముఖంలో ఉంది.

ఆయనది కళ్లజోళ్ల షాపు. అక్కడా అంతే. అద్దం మార్చి, గోడమీది అక్షరాలు చూపించి "ఇప్పుడు...?" అంటాడు. తరవాతిదంతా వచ్చినవాళ్లే చదువుకుంటారు.

అలాంటి మనిషి నవల రాశాడు.

రాశాడంటే — ప్రతి వాక్యమూ మొదలుపెట్టాడు.

ఒక ప్రచురణకర్త చదివాడు. కథ బాగానే ఉన్నట్టుంది, కానీ ఏం జరిగిందో తెలియడం లేదు, ఎవరిచేతనైనా దిద్దించుకు రండి, అప్పుడు వేస్తాం అన్నాడు. ఆ 'వేస్తాం' అన్న మాట ఆయన చెవిలో తేనెలా పడింది. ఆ మాట కోసం ఆయన జుట్టు నెరిసిపోయింది మరి.

అదృష్టం కళ్లజోడు విరగ్గొట్టుకుని షాపుకే వచ్చింది. ఇంట్లో కూర్చుని ఊళ్లోవాళ్ల పుస్తకాలు దిద్దుతానంది ఆ వచ్చినావిడ. ఏ ఆఫీసుకీ వెళ్లదట, ఎవరికీ ఉద్యోగి కాదట. కొప్పులో పెన్సిలు దోపుకుని ఉంది. ఆయన లోపలికి పరుగెత్తి రాతప్రతి కట్ట తెచ్చాడు.

ఎడిటరమ్మ గది మేడమీద. కిటికీ పక్కన బల్ల, బల్ల నిండా పెన్సిలు చెక్కిన పొట్టు. బయట ఏదో చెట్టు కొమ్మ, గాలికి అద్దాన్ని గీరుతూ.

మొదటి పేజీ చదివింది. రెండో పేజీ చదివింది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఈ కళ్లజోడు సరిగ్గానే బాగు చేశారా?"

"చేశాను. ఏం..."

"పేజీ నిండా చీమలు కనిపిస్తున్నాయి."

చుక్కలు. మూడేసి.

'అతను రైలు దిగి...' — మూడు చీమలు. 'తల్లి అతన్ని చూసి...' — మూడు చీమలు. తల్లి కొట్టిందో కౌగిలించుకుందో, ఇల్లు అమ్మారో ఉంచారో, ఆ పిల్ల ఏడ్చిందో నవ్విందో, అంతా చీమలు మోసుకుపోయాయి.

"అంటే... పాఠకుడి ఊహకి..." అన్నాడు ఆయన, కాస్త గొప్పగానే.

ఆవిడ చూస్తూ కూర్చుంది.

ఆయనా చూస్తూ కూర్చున్నాడు.

కొమ్మ అద్దాన్ని గీరింది. ఎంతసేపటికీ ఆవిడ ఆ వాక్యం పూర్తి చేయలేదు. ఇలాంటి మనిషిని ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఊహకి?" అంది చివరికి.

"...వదిలేశాను."

చెమట పట్టింది.

"చూశారా, పూర్తి చేస్తే ఎంత చిన్న మాటో! అన్నీ ఇలాగే పూర్తి చేసుకురండి. పుస్తకం మొత్తానికి ఒక్కచోట మాత్రం చుక్కలు ఉంచుకోవచ్చు. ఎక్కడో మీరే చూసుకోండి."

ఆయన బతిమాలాడు. అలిగాడు. నాలుగు రోజులు అటు వెళ్లడమే మానేశాడు. ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు. పేజీలు మాత్రం వెనక్కి వస్తూనే ఉన్నాయి. పక్కన పెన్సిలుతో ఒక్కో ముక్క — 'దిగి?' 'చూసి?' 'అయితే?'

కూర్చున్నాడు. షాపులో, గాజు బీరువా వెనక, అద్దాల మధ్య. ఒక్కో చీమనీ పట్టి తీశాడు. తీస్తే — అడుగున ఏదో ఉంది. తల్లి కొట్టింది. కొట్టి, అన్నం పెట్టింది. ఇల్లు అమ్మేశారు. ఆ పిల్ల నవ్వింది! ఆ సంగతి అప్పటిదాకా ఆయనకే తెలియదు. పట్టరాని సంతోషం వేసింది ఆయనకి, అప్పుడే వచ్చినాయనకి ఎవరి కళ్లజోడో ఇచ్చి పంపేశాడు.

అలవాటు ఊరుకుంటుందా? ఇంటికీ వచ్చింది.

"ఇది కొంచెం ఉప్పు తగ్గింది, ఫరవాలేదు, నేనే వేసుకుంటాను," అన్నాడు ఒకరోజు, ఊపిరి తీసుకోకుండా.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"మీ తమ్ముడు మరీ మంచివాడు," అన్నాడు ఇంకోరోజు.

ఇన్నేళ్లూ ఆ వాక్యం చివర తిట్టు ఉందనుకుని ఆమె పోట్లాడుతూ వచ్చింది. ఇప్పుడు ఆ పోట్లాటలన్నీ ఏం చేసుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

ఆ తరవాత ఇల్లు మాట పడిపోయినట్టయింది. ఆయన వాక్యాలు ఆయనే ముగిస్తున్నాడు. ఆమెకి చెప్పడానికి ఏమీ మిగలడం లేదు. చీమ చిటుక్కుమన్నా వినిపించేటంత నిశ్శబ్దం. అడిగితే ఒక్కటే అంది —

"అక్కడ నేర్చుకుంటున్నారుగా మాటలు. ఇంక నాతో ఏం పని?"

ఆయనకి భయం వేసింది. పుస్తకం నిండుతోంది, ఇల్లు ఖాళీ అవుతోంది.

ఇక చివరి పేజీ. కథలో అతను భార్య ముందు నిలబడి అనే ఆఖరి మాట — 'నువ్వు లేకపోతే నేను...'

'నేను?' అని ఎడిటరమ్మ పెన్సిలు. ఈసారి అక్షరాలు పెద్దవి.

'చచ్చిపోతాను' అని రాశాడు. 'అబద్ధం' అని కొట్టేసింది. 'ఎండిన నదిని' అని రాశాడు. 'ఏ నది?' అని కొట్టేసింది. 'ఒంటరివాణ్ని' అని రాశాడు. 'అందరూ అంతే' అని కొట్టేసింది.

"ఒక్కచోట ఉంచుకోమన్నారు కదా, అదేదో ఇక్కడే..." అని చేతులు నలుపుకున్నాడు.

"ఉంచుకోండి. తెలిసి ఆపితే ఉంచుకోండి. తెలియక ఆపితే మాత్రం ఊరుకోను."

దారంతా ఆలోచిస్తూ నడిచాడు. ఇంటి మలుపు తిరుగుతుంటే తోచింది. ఇంత అవస్థ ఎందుకు? ఇంట్లోనే ఉంది కదా, ఏ వాక్యమిచ్చినా ఇట్టే పూర్తి చేసే మనిషి! తాను ఎత్తుకుంటాడు, ఆమె ముగిస్తుంది, వెళ్లి రాసేసుకుంటాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు.

వంటింట్లో ఎండ. గట్టు ముందు ఆమె. చేతిలో తడిగుడ్డ.

గుమ్మంలో నిలబడి అన్నాడు —

"నువ్వు లేకపోతే నేను..."

ఆగాడు.

ఆమె పూర్తి చేయలేదు.

స్టవ్ ఆపేసింది. ఇటు తిరిగింది.

"చెప్పండి."

"అదేమిటి, ఎప్పుడూ నువ్వేగా..."

"ఇన్నాళ్లూ నేను చెప్పినవన్నీ తప్పేమో. మా తమ్ముడి సంగతిలో తప్పేగా? ఈ ఒక్కటీ మీ నోటితోనే వింటాను."

రాసుకోవడానికి సిద్ధంగా ఉన్న పెన్ను జేబులోనే ఉండిపోయింది. ఆయన వెతికాడు. నది లేదు. చావు లేదు. గుమ్మం, ఎండ, ఆమె — అంతే ఉన్నాయి.

"నువ్వు లేకపోతే నేను... ఉప్పు ఎటువైపు ఉందో నాకు తెలీదు. చెప్పులు ఎక్కడ విప్పానో తెలీదు. నేను ఏం అనబోతున్నానో నాకే తెలీదు."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. నవ్వో మరోటో, సగమే.

"అంతేనా?"

"అంతే కాదు..."

ఈసారి ఆయనకి తెలుసు, తరవాతి మాట ఏమిటో. తెలిసే ఆపాడు.

ఆమె చూస్తోంది. ఆమె వెనక, గట్టు మీద, చక్కెర డబ్బా చాటునుంచి చీమలు బయల్దేరాయి. ఒకటి, దాని వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి. ఏ తొందరా లేకుండా.

గుడ్డ ఆమె చేతిలోనే ఉంది.

తుడవలేదు.